ఉద్యమాల ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

1963 ఆగస్టు 28న దాదాపు రెండున్నర లక్షల మంది నల్లజాతివారి హక్కుల కోసం వాషింగ్టన్ వీధుల్లో నడిచి, లింకన్ స్మారకం ముందు సమావేశమయ్యారు. ఇప్పుడు అమెరికాలో ఆ రోజును తలచుకుని గర్వపడనివారు అరుదు. అయితే ఆ ప్రదర్శనకు కొద్దిరోజుల ముందు గ్యాలప్ సంస్థ అభిప్రాయ సేకరణ జరిపినప్పుడు, దాని గురించి విన్నవారిలో మంచిదన్నవారు 23 శాతమే. 60 శాతం మందికి అది నచ్చలేదు. మరుసటి ఏడాది అదే సంస్థ మళ్లీ అడిగితే, ఇటువంటి సామూహిక ప్రదర్శనల వల్ల నల్లజాతివారి ఆశయానికి మేలు కన్నా కీడే ఎక్కువని 74 శాతం మంది చెప్పారు. మార్టిన్ లూథర్ కింగ్ అంటే 1966లో 63 శాతం మందికి సదభిప్రాయం లేదు. 2011 నాటికి 94 శాతం మంది ఆయనను మెచ్చుకున్నారు.

ఈ అంకెలు ఉద్యమకారులకు ఎంతో ప్రియమైనవి. ఈరోజు తిట్టినవారే రేపు దండలు వేస్తారన్న ధీమాకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. ఆ ధీమాలో ఒక లొసుగు ఉంది. తిట్లు తిన్న ప్రతి ఉద్యమానికీ తర్వాత దండలు పడలేదు. జనం మరచిపోయినవాటి జాబితా ఎవరూ రాసిపెట్టుకోరు కాబట్టి గెలిచినవే మన కంటికి ఆనుతాయి. 1963 అంకెల నుంచి నిర్భయంగా చెప్పగలిగింది ఒక్కటే: వీధుల్లోకి వచ్చిన ఉద్యమాన్ని జనం అనుమానంగా చూడడం కొత్త విషయం కాదు, ఆ అనుమానం ఉన్నంత మాత్రాన ఉద్యమం తప్పుడుదనీ కాదు, ఒప్పుదనీ కాదు. ఆ అనుమానం దేని మీద అన్నది విడదీసి చూడాలి.

అపనమ్మకం అన్న ఒక్క మాటలో మనం చాలా సంగతులను కలిపేస్తుంటాం. కొందరికి ఆశయమే గిట్టదు. కొందరికి ఆశయం సమ్మతమే కాని పద్ధతి రుచించదు. మరికొందరికి ఆ రెండింటి సంగతి ఎలా ఉన్నా ముందు నిలబడి మాట్లాడేవారి నిజాయితీ మీద గురి కుదరదు. అభిప్రాయం అడిగితే జవాబు చెప్పే మనిషి వీటిని వేరుచేసి చెప్పడు. పైగా మొదటిదాన్ని రెండోదాని చాటున చెప్పుకోవడం చాలా సులువు. ‘సమస్య నిజమే, దానికి రోడ్డెక్కడం ఎందుకు?’ అన్న మనిషికి ఇబ్బంది రోడ్డుతోనా, సమస్యతోనా అన్నది ఒక్కోసారి అతనికే తెలియదు.

తెలియదన్న మాట ఊహ కాదు. యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించే డాన్ కహన్, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పోలీసులు ఒక నిరసనను చెదరగొట్టిన వీడియోను చాలామందికి చూపించారు. వీడియో ఒక్కటే. కాని చూసినవారిలో సగం మందికి అది గర్భస్రావ కేంద్రం ముందు గర్భస్రావాలను వ్యతిరేకిస్తూ జరిగిన నిరసన అని చెప్పారు; మిగతా సగానికి, స్వలింగ సంపర్కులను సైన్యంలోకి రానివ్వని విధానాన్ని ఖండిస్తూ కళాశాలలోని నియామక కేంద్రం ముందు జరిగిందని చెప్పారు. నిరసనకారులు దారికి అడ్డుపడ్డారా, బెదిరించారా, పోలీసులు చేసింది సబబేనా అని తర్వాత అడిగితే, చూసినవారి జవాబులు వీడియోలో ఉన్నదాన్ని బట్టి కాక వారి వారి విలువలను బట్టి మారిపోయాయి. గమనించాల్సింది ఏమిటంటే, వారిని అడిగినదానిలో ఎక్కువ భాగం అభిప్రాయం కాదు, కంటికి కనిపించినది. తమ పక్షం వారు దారి పక్కన నిలబడినట్టు, అవతలి పక్షం వారు దారి మూసేసినట్టు ఎవరికి వారికి నిజంగానే కనిపించింది.

ఇంతటితో ఆగిపోతే, జనం అపనమ్మకమంతా పక్షపాతమేనని కొట్టిపారేయవచ్చు. చాలామంది ఉద్యమకారులు ఆగేది ఇక్కడే. పక్షపాతంతో ఏమాత్రం సంబంధం లేని అపనమ్మకం ఒకటుంది. అది నష్టం లెక్కల నుంచి పుడుతుంది.

2019 అక్టోబర్ 17 ఉదయం తూర్పు లండన్‌లోని కానింగ్ టౌన్ స్టేషన్‌లో జరిగింది అందుకు మంచి ఉదాహరణ. వాతావరణ మార్పు విషయంలో ప్రభుత్వాన్ని కదిలించడానికి పుట్టిన ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ ఉద్యమానికి చెందిన ఇద్దరు, జనం పనులకు వెళ్లే వేళలో జూబిలీ లైన్ రైలు పైకప్పు ఎక్కి బ్యానర్ విప్పారు. రైలు కదలలేదు. నిమిషాల్లో ప్లాట్‌ఫాం కిక్కిరిసింది. పనికి వెళ్లాలనీ, పిల్లలను పోషించుకోవాలనీ అరుస్తూ జనం తోసుకొచ్చారు. చివరికి నిరసనకారులను పైకప్పు మీది నుంచి కిందికి లాగేశారు. కిందపడిన మనిషిని కొందరు తన్నారు కూడా. తన్నడాన్ని ఎవరూ సమర్థించలేరు. కాని ఆ కోపం వాతావరణ శాస్త్రం మీది కోపం కాదు. ఆ రైలు కరెంటుతో నడిచేది; కార్లు వదిలి దానిలో ప్రయాణించమని ఆ ఉద్యమమే జనానికి చెబుతోంది. కానింగ్ టౌన్ ఉన్న న్యూహామ్ ప్రాంతం లండన్‌లోని పేద బస్తీలకు పెట్టింది పేరు. అంటే ప్రభుత్వాన్ని నొప్పించాలనుకున్న దెబ్బ, ప్రభుత్వ నిర్ణయాలపై ఏ పట్టూ లేని మనుషుల మీద పడింది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుగా ఉందా పని. విచిత్రం ఏమిటంటే, ఈ చర్య వద్దని ఉద్యమంలోని మనుషులే ముందుగా జరిపిన అభిప్రాయ సేకరణలో ఎక్కువమంది చెప్పారు. చెప్పినా కొందరు చేసేశారు. తర్వాత సంస్థ ప్రతినిధులు విచారం వెలిబుచ్చారు.

దీని పక్కన మాంట్‌గమరీ బస్సుల బహిష్కారాన్ని పెట్టి చూడండి. 1955 డిసెంబర్ 5న మొదలై 381 రోజులు సాగిన ఆ ఉద్యమంలో, ఆ ఊరి బస్సుల్లో ప్రయాణించేవారిలో నాలుగింట మూడు వంతులుగా ఉన్న నల్లజాతివారు బస్సెక్కడం మానేశారు. నడిచారు. ఉన్నవారి కార్లలో సర్దుకుని వెళ్లారు. ఏడాదికి పైగా ఎండకూ వానకూ అరిగింది వారి చెప్పులే. వ్యతిరేకులకు ఆ ఉద్యమం గిట్టకపోవచ్చు, వారు నాయకుల ఇళ్ల మీద బాంబులు కూడా వేశారు. అయినా ఆ ఉద్యమకారులు తమ ఆశయం కోసం ఇతరులను ఇబ్బంది పెడుతున్నారని అనడానికి మాత్రం వీలు చిక్కలేదు. నష్టపోయిన బస్సు కంపెనీ ఆ వివక్షను అమలు చేసిన సంస్థే కనుక దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. చివరికి సుప్రీంకోర్టు తీర్పుతో బస్సుల్లో వేర్వేరు సీట్ల పద్ధతి రద్దయింది.

ఈ రెండు ఘటనల మధ్య తేడాను హింస, అహింసల తేడాగా చూడలేం, ఎందుకంటే రెండు ఉద్యమాలూ అహింసనే తమ పద్ధతిగా ఎంచుకున్నవి. చట్టాన్ని ఉల్లంఘించారా లేదా అన్నది కూడా అసలు గీటురాయి కాదు. నష్టం ఎవరు భరించారు, ఆ నష్టానికీ ఆశయానికీ కంటికి కనిపించే సంబంధం ఉందా అన్న రెండు ప్రశ్నలే జనం మనసులో లెక్క తేలుస్తాయని నాకు అనిపిస్తుంది. 2022 జనవరి చివర కెనడా రాజధాని ఒట్టావాలో లారీ డ్రైవర్లు కోవిడ్ టీకా నిబంధనలకు వ్యతిరేకంగా బైఠాయించినప్పుడు, ఆ నగర నడిబొడ్డున నివసించేవారిని హడలెత్తించినది వారి రాజకీయాల కన్నా ముందు వారి హారన్లు. రాత్రీ పగలూ మోగే ఆ మోత ఆపించమని స్థానికులు కోర్టుకెక్కితే ఫిబ్రవరి 7న న్యాయమూర్తి హారన్లు మోగించవద్దని ఆదేశించాల్సి వచ్చింది. అక్కడి పెద్ద షాపింగ్ మాల్ మూడు వారాలకు పైగా మూతపడింది. టీకా నిబంధనలను పెట్టింది పార్లమెంటు పక్క వీధిలో కాపురముండేవాళ్లు కాదు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఇటువంటి ఫలితాలనే చూశారు. మాథ్యూ ఫైన్‌బర్గ్, రాబ్ విల్లర్, క్లోయీ కోవచెఫ్ 2020లో ప్రచురించిన పరిశోధనలో, రహదారులను దిగ్బంధించడం, ఆస్తులను పాడుచేయడం వంటి తీవ్ర చర్యల గురించి చదివినవారు ఆ ఉద్యమానికి దూరం జరిగారు. ఆ ఆశయాన్ని మొదటి నుంచీ సమర్థించేవారిలో కూడా ఈ వెనుకంజ కనిపించింది. ‘వీళ్లు మనవంటి వాళ్లు కాదు’ అన్న భావన అందుకు ముఖ్య కారణం. అయితే వాళ్లే ఎత్తి చూపినట్టు, ఇటువంటి చర్యలకే పత్రికలూ చానెళ్లూ ఎగబడతాయి. ఎవరికీ ఇబ్బంది కలగని సభకు కెమెరా రాదు, కెమెరా వచ్చే పనికి జనం మెప్పు రాదు.

ఇక్కడ మరో మెలిక ఉంది. 2022 నవంబర్‌లో వాతావరణ మార్పును అడ్డుకోవాలంటూ పోరాడే జస్ట్ స్టాప్ ఆయిల్ అనే బృందం లండన్ చుట్టూ తిరిగే ఎం25 రహదారి మీది ఇనుప వంతెనలెక్కి రోజుల తరబడి వాహనాలు ఆపించింది. ఆ బృందాన్ని జనం చీదరించుకున్నారు. కాని ఆ నిరసనలకు ముందూ తర్వాతా దాదాపు 1,400 మందిని ప్రశ్నించిన పరిశోధకులకు, అదే రంగంలో మెత్తగా పనిచేసే ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే పాత సంస్థకు మద్దతు 50.3 శాతం నుంచి 52.9 శాతానికి పెరిగినట్టు తేలింది. పెరుగుదల చిన్నదే. అయినా ‘వాళ్ల కంటే వీళ్లు నయం’ అన్న పోలిక పనిచేస్తుందని అది చూపిస్తోంది. కనుక ఒక బృందం జనంలో చెడ్డపేరు తెచ్చుకోవడాన్నీ, దాని ఆశయం దెబ్బతినడాన్నీ ఒకే గాటన కట్టలేం. అలాగని చెడ్డపేరే వ్యూహమని చంకలు గుద్దుకునేవారికి కానింగ్ టౌన్ ప్లాట్‌ఫాం మీది జనాన్ని గుర్తుచేయక తప్పదు.

ఇంతవరకూ దారిలో చిక్కుకున్నవారి గురించే మాట్లాడాను. ఉద్యమం జరిగే చోట ఉండేవారి సంగతి వేరు, వారికి అది ఒక పూటతో పోయే ఇబ్బంది కాదు. బ్రిటన్‌లోని గ్రీన్‌హామ్ కామన్ వద్ద అమెరికా అణు క్షిపణులను మోహరించడాన్ని నిరసిస్తూ మహిళలు 1981 సెప్టెంబర్‌లో వేసిన శిబిరం 2000 దాకా కొనసాగింది. 1982 డిసెంబర్‌లో దాదాపు 30,000 మంది మహిళలు చేయీ చేయీ పట్టుకుని ఆ సైనిక స్థావరం చుట్టూ నిలబడ్డారు. ప్రపంచమంతా వారిని చూసి ఆశ్చర్యపోతున్న రోజుల్లో పక్కనున్న న్యూబరీ పట్టణంలో చాలామంది వారిని అసహ్యించుకున్నారు. శిబిరాలను తొలగించాలంటూ స్థానిక పన్ను చెల్లింపుదారులు ఒక సంఘమే పెట్టుకున్నారు. దుకాణాల్లో, పబ్బుల్లో ఆ మహిళలకు సరుకు ఇవ్వనన్నవారున్నారు. ఊరి వాళ్లకు ఆ అణ్వాయుధాలు ఇష్టమని దీని అర్థం కాదు. చెత్త, పొయ్యి మంటలు, గుడారాలు, పోలీసు వాహనాలు, వాటికయ్యే పురపాలక ఖర్చు వారి కళ్ల ముందు ఉన్నాయి. అణుయుద్ధం కళ్ల ముందు లేదు. 1987లో అమెరికా, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందంతో క్షిపణులు వెనక్కి వెళ్లాయి, 1991 మార్చిలో చివరిది వెళ్లింది. దానిలో శిబిరం వాటా ఎంత అన్న వాదన నేటికీ తెగలేదు. 2000లో ఆ నేల చుట్టూ ఉన్న కంచె పోయి అది మళ్లీ అందరిదీ అయింది. ఇరవై ఏళ్ల ఇబ్బందిని భరించింది న్యూబరీవారు, తిరిగి నడవడానికి నేల దక్కిందీ న్యూబరీవారికే.

‘వీళ్లు బయటి నుంచి వచ్చారు’ అన్న ఆరోపణ గ్రీన్‌హామ్‌లోనే కాదు, ఎక్కడ ఉద్యమం జరిగినా వినిపించేదే. దానిలో నిజం ఉండవచ్చు, ఉండకపోవచ్చు, కాని అది ఎవరి నోట వస్తోందో చూసుకోవాలి. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లోని ఎనిమిది మంది తెల్లజాతి మతగురువులు కింగ్ నాయకత్వంలోని ప్రదర్శనలు అవివేకమనీ, అకాలమనీ, బయటివారు నడిపిస్తున్నారనీ ప్రకటన ఇచ్చారు. దానికి జైలు నుంచి రాసిన లేఖలో కింగ్ ఇచ్చిన మొదటి జవాబు సిద్ధాంతం కాదు. తమ సంస్థకు ఆ ఊళ్లో అనుబంధ సంఘం ఉందనీ, వారు పిలిస్తేనే తాను వచ్చాననీ ఆయన ముందుగా చెప్పుకున్నాడు. న్యాయం గురించిన పెద్ద మాటలు ఆ తర్వాత వచ్చాయి. పిలిచినవారెవరో చెప్పగలగడం ఎంత అవసరమో ఆయనకు బాగా తెలుసు.

నిరసన అల్లరిగా మారినప్పుడు స్థానికులు చెల్లించే మూల్యం వేరే స్థాయిలో ఉంటుంది. 1965లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో 34 మంది, 1967లో డెట్రాయిట్‌లో 43 మంది చనిపోయారు. ఆర్థిక చరిత్రకారులు విలియం కాలిన్స్, రాబర్ట్ మార్గో ఆ దశాబ్దపు అల్లర్ల తర్వాతి లెక్కలు తీసి చూస్తే, తీవ్రంగా అట్టుడికిన నగరాల్లో నల్లజాతివారి ఇళ్ల విలువ 1960, 1970ల మధ్య పడిపోయిందనీ, తర్వాతి పదేళ్లలో కూడా పెద్దగా కోలుకోలేదనీ తేలింది. అంటే ఎవరి బాధ గురించి ఆ మంట రేగిందో వారి ఇళ్లే విలువ పోగొట్టుకున్నాయి. రాజకీయ ఫలితం కూడా అటువంటిదే. ఒమర్ వాసో అనే పరిశోధకుడు 1960 నుంచి 1972 వరకు జరిగిన నిరసనలనూ ఎన్నికలనూ పోల్చి చూసి, అహింసాయుత ప్రదర్శనలు జరిగిన చోటుకు దగ్గర్లో తెల్లజాతి ఓటర్లు హక్కుల పక్షం వహించిన డెమొక్రాట్ల వైపు మొగ్గారనీ, 1968లో హింస చెలరేగిన చోటుకు దగ్గర్లో అటు నుంచి జారిపోయారనీ 2020లో చూపించాడు. ప్రశాంతంగా కూర్చున్నవారి మీద పోలీసులు విరుచుకుపడినప్పుడు పత్రికలు హక్కుల గురించి రాశాయి. నిరసనకారులే హింసకు దిగినప్పుడు శాంతిభద్రతల గురించి రాశాయి.

పత్రికల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. డెట్రాయిట్ అల్లర్ల నష్టం 20 కోట్ల నుంచి 50 కోట్ల డాలర్లని మొదట్లో అచ్చయింది; తర్వాత ఆ అల్లర్ల మీద ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్ విచారణ నాటికి అత్యధిక అంచనా నాలుగున్నర కోట్లకు దిగింది. దిద్దుబాటు ఎప్పుడూ మొదటి వార్త అంత దూరం ప్రయాణించదు. 2020లో మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని ఒక పోలీసు అధికారి చంపిన తర్వాత మే చివర నుంచి ఆగస్టు చివర వరకు అమెరికాలో, నల్లజాతివారిపై పోలీసుల హింసను ఎదిరించే బ్లాక్ లైవ్స్ మ్యాటర్‌కు సంబంధించి 7,750కి పైగా ప్రదర్శనలు జరిగాయనీ, వాటిలో 93 శాతానికి పైగా ప్రశాంతంగా ముగిశాయనీ ఘర్షణలను నమోదు చేసే ఆక్లెడ్ సంస్థ లెక్క కట్టింది. ఇంట్లో కూర్చుని తెర మీద చూసినవారికి తగలబడుతున్న మిగతా ఏడు శాతమే కనిపించింది. కాని ఈ అంకెను అడ్డం పెట్టుకుని ఫిర్యాదు చేసేవారి నోరు నొక్కడం కూడా సరికాదు. ఏడు వేలలో ఏడు శాతం అంటే అయిదు వందల దాకా ప్రదర్శనలు. తన వీధిలో దుకాణం కాలిపోయినవాడికి దేశవ్యాప్త సగటు చెప్పడం ఎద్దు పుండు మీద కాకి వాలినట్టే ఉంటుంది.

సమాజం తరఫున మాట్లాడేదెవరు అన్న ప్రశ్న కూడా అప్పుడే ముందుకొచ్చింది. మినియాపొలిస్‌లో 2020 జూన్‌లో నగర కౌన్సిల్ సభ్యుల్లో మెజారిటీ వేదికెక్కి పోలీసు శాఖను రద్దు చేస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఆ ఆగస్టులో గ్యాలప్ వెలువరించిన సర్వేలో, తమ ప్రాంతంలో పోలీసులు ఇప్పుడున్నంత సమయమైనా, అంతకన్నా ఎక్కువైనా గడపాలని కోరిన నల్లజాతివారు 81 శాతం. ఇది పోలీసుల మీద ప్రేమ కాదు. పోలీసులు తమతో మర్యాదగా ప్రవర్తిస్తారని గట్టిగా నమ్మినవారు వారిలో అయిదింట ఒక వంతు కూడా లేరు. మర్యాదలేని పోలీసు, అసలు రాని పోలీసు ఇద్దరూ వారికి తెలిసినవారే. 2021 నవంబర్‌లో పోలీసు శాఖ స్థానంలో కొత్త శాఖను పెట్టే ప్రతిపాదన ఓటింగుకు వస్తే 56 శాతం మంది వద్దన్నారు. వేదిక మీది నినాదం, వీధిలోని కోరిక ఒకటి కాకపోవచ్చునన్న సంగతి అంతకు ముందు ఎవరికీ తెలియదని చెప్పలేం, అడగలేదంతే.

మూడో రకం అపనమ్మకం, అంటే మనుషుల మీద అనుమానం, కొంత ఉద్యమాలు చేజేతులా తెచ్చుకున్నది. బ్లాక్ లైవ్స్ మ్యాటర్ పేరుతో నడిచే కేంద్ర ఫౌండేషన్‌కు 2020లో 9 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. తమకు ఆ డబ్బులో చాలా తక్కువ అందిందనీ, లెక్క చెప్పేవారు లేరనీ పది స్థానిక శాఖలు ఆ ఏడాది చివర్లోనే బహిరంగంగా ఆరోపించాయి. దక్షిణ కాలిఫోర్నియాలో దాదాపు 60 లక్షల డాలర్లు పెట్టి ఇల్లు కొన్న సంగతి 2022లో బయటపడ్డాక, సంస్థ ఆ కొనుగోలును సమర్థించుకున్నా నష్టం జరిగిపోయింది. ప్యూ సంస్థ సర్వేల ప్రకారం ఆ ఉద్యమానికి 2020 జూన్‌లో ఉన్న 67 శాతం మద్దతు 2023 నాటికి 51 శాతానికి వచ్చింది. ఆ తగ్గుదలంతా డబ్బు గొడవ వల్లనే అనడానికి లేదు, ఎందుకంటే 2020 సెప్టెంబర్‌కే అది 55 శాతానికి పడింది.

మరికొంత అనుమానం ఎవరో పనిగట్టుకుని నాటింది. అమెరికా ఎఫ్‌బీఐ 1956 నుంచి 1971 వరకు కోయింటెల్‌ప్రో పేరుతో ఉద్యమ సంఘాల్లోకి మనుషులను చొప్పించింది, దొంగ ఉత్తరాలు రాయించింది, నాయకుల మధ్య తగాదాలు పెట్టింది. 1971 మార్చిలో పెన్సిల్వేనియాలోని మీడియా అనే పట్టణంలో ఎఫ్‌బీఐ కార్యాలయం తాళం పగలగొట్టి కొందరు కాగితాలు ఎత్తుకుపోతే గాని ఆ సంగతి లోకానికి తెలియలేదు. బ్రిటన్‌లో 1968 నుంచి 2008 వరకు ఒక రహస్య పోలీసు విభాగం మారుపేర్లతో ఉద్యమ సంఘాల్లో ఏళ్ల తరబడి కాపురం చేసింది. ఆ అధికారుల్లో కొందరు ఉద్యమకారిణులతో ప్రేమ సంబంధాలు సాగించినందుకు 2015 నవంబర్‌లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ఏడుగురు మహిళలకు క్షమాపణ చెప్పారు. ఇది తెలిశాక ‘ఈ గుంపులో రెచ్చగొట్టినవాడు నిజంగా ఎవరి మనిషి?’ అని ఉద్యమకారులు తమలో తాము ప్రశ్నించుకోవడం సహజం. అయితే హింసకు దిగిన ప్రతివాడూ బయటి నుంచి చొరబడినవాడేనని తప్పించుకునే అలవాటు కూడా దీనితోనే వస్తుంది. సాక్ష్యం లేనప్పుడు ఆ మాట జనం నమ్మరు, నమ్మకపోవడం వారి తప్పు కాదు.

ఇబ్బంది పడ్డవారందరూ ఉద్యమానికి శత్రువులైపోతారని పాలకులు వేసే లెక్క కూడా తరచూ తప్పుతుంది. 2019లో హాంకాంగ్‌లో ప్రజాస్వామ్య హక్కుల కోసం ఆందోళనలు నెలల తరబడి సాగాయి. ఆగస్టులో విమానాశ్రయాన్ని స్తంభింపజేసినప్పుడు నిరసనకారులే మర్నాడు ప్రయాణికులను క్షమించమని కోరారు. వీధుల్లో పొగ, మూతపడిన మెట్రో స్టేషన్లు చూసి విసిగిన ‘మౌన మెజారిటీ’ తమ వెనక ఉందని ప్రభుత్వం నమ్మింది. నవంబర్ 24న జిల్లా కౌన్సిళ్లకు ఎన్నికలు జరిగాయి. 71 శాతం మంది ఓటేశారు, 18 కౌన్సిళ్లలో 17 ప్రజాస్వామ్యవాదుల వశమయ్యాయి. విసుగు ఉంది, కాని ఆ విసుగుకు బాధ్యులెవరన్న విషయంలో ప్రజల తీర్పు పాలకుల ఊహకు అందలేదు. రోజువారీ సమస్యల్లో ప్రజలకు తోడుండే జిల్లా కౌన్సిలర్లకూ, వీధిలో నిలబడ్డవారికీ మధ్య అక్కడ పెద్ద దూరం లేదు.

అపనమ్మకం చివరికి చట్టంగా మారినప్పుడు దాని ప్రభావం ఎవరి మీద పడుతుందన్నది జనం తక్కువగా ఆలోచించే విషయం. 2023 జనవరి 1న ఎక్స్‌టింక్షన్ రెబెలియన్, ఇకపై జనజీవనానికి ఆటంకం కలిగించడాన్ని ప్రధాన ఆయుధంగా వాడబోమని ప్రకటించింది. ఆ ఏప్రిల్‌లో బ్రిటన్ పార్లమెంటు ముందు నాలుగు రోజుల సభ పెట్టింది. అదే వారాంతంలో జరిగే లండన్ మారథాన్‌కు అడ్డు రాకుండా నిర్వాహకులతో మాట్లాడుకుని మరీ నడుచుకుంది. వేలమంది వచ్చారు, అంతా మర్యాదగా జరిగింది, ప్రభుత్వం వారి కోరికలను పట్టించుకోలేదు, పతాక శీర్షికలు పెద్దగా రాలేదు. జస్ట్ స్టాప్ ఆయిల్ మాత్రం తన దారిలోనే సాగింది. ఎం25 దిగ్బంధానికి పథకం వేసినందుకు 2024 జులైలో ఆ బృందం వారు అయిదుగురికి నాలుగు నుంచి అయిదేళ్ల జైలు పడింది. అప్పీలులో శిక్షలు కొంత తగ్గాయి. 2025 మార్చిలో ఆ బృందం వీధి చర్యలకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే, రహదారుల దిగ్బంధం మీద జనం కోపాన్ని ఆసరా చేసుకుని బ్రిటన్ ప్రభుత్వం 2022లో ఒక చట్టం, 2023 మేలో మరో చట్టం తెచ్చి పోలీసుల అధికారాలను పెంచింది. రెండో చట్టం వచ్చిన నాలుగు రోజులకే, మే 6న రాజు మూడో చార్లెస్ పట్టాభిషేకం. ఆ ఉదయం రాచరిక వ్యతిరేక సంఘం వారు ఆరుగురు, ముందుగా పోలీసులతో మాట్లాడుకుని వచ్చినవారే, ప్లకార్డులు దించుకుంటుండగా అరెస్టయ్యారు. తర్వాత కేసు లేకుండా విడుదల చేసి పోలీసులు విచారం తెలిపారు. అదే తెల్లవారుజామున లండన్ సోహో ప్రాంతంలో ఇంకో ముగ్గురిని కూడా ప్రజలకు ఇబ్బంది కలిగించే కుట్ర అనుమానంతో పట్టుకున్నారు. వారు ఏ నిరసనకూ వచ్చినవారు కాదు. రాత్రివేళ ఒంటరిగా తిరిగే మహిళల భద్రత కోసం స్థానిక కౌన్సిల్ తరఫున వీధుల్లో తిరిగే స్వచ్ఛంద సేవకులు. ఆపదలో మోగించడానికి మహిళలకు పంచే అలారాలు వారి దగ్గర ఉన్నాయి. వాటితో ఊరేగింపులోని గుర్రాలను బెదరగొడతారేమోనని పోలీసులు అనుమానించారు.